చేరగిలబడని గోడ

చీపురుపల్లిలో సత్యవేణి అనే ఇల్లాలు ఉండేది. మంచిదే, కానీ ఇంటికొచ్చిన మనిషి కన్నా ఇంట్లో ఉన్న వస్తువు మీదే ఆమె కన్ను ఎక్కువగా ఉండేది.

ఒకసారి ఆమె ముందుగది గోడలకు అద్దంలా మెరిసే సున్నపు పూత వేయించాలనుకుంది. మేస్త్రి నానబెట్టిన సున్నంలో పాలరాతి పొడి కలిపి, పలచగా పూత మీద పూత వేసి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చాలి. పద్దెనిమిది రోజుల పని. ఇల్లంతా దుమ్ము.

"మా ఇల్లుండగా మీకేం ఇబ్బందే వేణీ? పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యండి," అంది పక్కింటి పైడమ్మ. సత్యవేణి, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు, నలుగురూ ఆ పద్దెనిమిది రోజులూ అక్కడే తిన్నారు, అక్కడే పడుకున్నారు.

పని పూర్తయింది. గోడలో మొహం కనబడుతోంది. చూడ్డానికి వీధిలోని ఆడవాళ్లంతా వచ్చారు. పైడమ్మకు నడుం నొప్పి. అలవాటు కొద్దీ కింద కూర్చుని, గోడకు చేరగిలబడబోయింది.

"అయ్యయ్యో, ఆనుకోకు వదినా!" అని సత్యవేణి కేక పెట్టింది. "నీ తలనూనె మరక పడితే ఇక పోదు! ఉండు, పేపరు అడ్డం పెడతాను."

"ఒసే పైడమ్మా, ఈ గోడకు దణ్ణం పెట్టుకోవాలే గానీ వీపు పెట్టకూడదే!" అని ఒకావిడ అంది. అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. నిటారుగా కూర్చుని, టీ తాగి వెళ్లిపోయింది.

రోజూ మధ్యాహ్నం కబుర్లకు వచ్చే మనిషి ఆ తర్వాత రాలేదు. వారం గడిచింది. వాళ్లింట్లో మర్చిపోయిన చాప తెచ్చుకునే వంకతో సత్యవేణే వెళ్లింది.

పైడమ్మ ఇంట్లో నీలం వెల్ల వేసిన గోడ మీద వరసగా నాలుగు నూనె మరకలు. పైన పెద్దది, దాని పక్కన ఒకటి, కింద చిన్నవి రెండు.

"వదినా, ఇవి... మావేనా?"

"ఇంకెవరివే? పైది మీ ఆయనది, పక్కది నీది. కింది రెండూ పిల్లలవి. టీవీ చూస్తూ అక్కడే కదా చేరబడేవారు! వెల్ల వేయిద్దామని మా ఆయన ఒకటే గొడవ. నేనే ఆగమన్నాను. మీరు వెళ్లాక ఇల్లు బోసిగా ఉందే."

అందులో దెప్పుపొడుపు లేదు. అందుకే సత్యవేణికి తల ఎత్తబుద్ధి కాలేదు. నేల చీలితే బాగుండుననిపించింది. చాప సంగతే మర్చిపోయింది.

"రేపు రా వదినా. గోడకు ఆనుకునే కూర్చో. మరక పడితే పడనీ," అంది.

ఆ మాట తీసెయ్యలేక పైడమ్మ మర్నాడు వచ్చింది. కానీ గది మధ్యలో కూర్చుంది. సత్యవేణి ఎంత బతిమాలినా గోడ వైపు జరగలేదు.

"వద్దులే అమ్మా. ఆ గోడంటే నాకు భయం పట్టుకుంది," అంది. పది నిమిషాలకల్లా నడుం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. గోడ మాత్రం మచ్చ లేకుండా మెరుస్తూనే ఉంది. అందులో సత్యవేణికి తన మొహం ఒక్కటే కనబడింది.

నీతి: మనల్ని ఆదరించిన మనిషి కన్నా మన ఇంటి అలంకారాన్ని ఎక్కువ చేసుకుంటే, చివరకు మనకు ఆ అలంకారమే మిగులుతుంది.