రాజుగారి కిటికీ, చిలకమ్మ వెదురుగడ

ముందే చెబుతున్నాను, ఈ కథ నాకు పూర్తిగా గుర్తులేదు. గుర్తున్నదైనా మా అమ్మ నోట విన్నదేనా, లేక ఇన్నేళ్లుగా చెబుతూ చెబుతూ నేనే కలుపుకున్నదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇందులో ఒక రాజున్నాడు. ఆయన పేరు పోయింది, మీసం మిగిలింది. ఒక కొస పైకి, ఒక కొస కిందికి, కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆలోచిస్తే అది మా మేనమామ మీసమేమోనని కూడా అనుమానం. పోనీ, రాజుకే తగిలిద్దాం. వచ్చి అడిగేవాడెవడు?

నీలా, ఆ కాళ్లు తమ్ముడి పొట్టమీంచి తియ్యి. గౌరీసూ, నువ్వు ఊ కొట్టాలి నాన్నా. ఊ ఆగితే కథ ఆగుతుంది.

అనగనగా ఒక కొండ, ఆ కొండ నడుం దగ్గర ఒక ఊరు. మా అమ్మ పుట్టిన ఊరు అదే. అక్కడివాళ్లు ఏటవాలు నేలలో అన్ని గింజలూ కలిపి చల్లేవారు. కలిపి చల్లితే ఏమవుతుందంటావా? జొన్న నిలబడుతుంది, జొన్న భుజం పట్టుకుని బొబ్బర ఎక్కుతుంది, బొబ్బర పక్కన కంది గొడుగు పడుతుంది, కంది నీడలో సామ పెరుగుతుంది, సామ చాటున చోడి, అదే రాగి, కంకి విప్పుతుంది, చోడి కాళ్లమీద గుమ్మడి పాకుతుంది. వాన తగ్గితే సామ తినేవారు, వాన ఎక్కువైతే కంది తినేవారు, రెండూ కాకపోతే అడవికి వెళ్లి దుంప తవ్వుకునేవారు. కింద దేశంవాళ్లు చూసి, ఇదేం సాగు, పిచ్చుక తుమ్మినట్టుంది అని నవ్వేవారు. నవ్వితే నవ్వారు, కొండమీద పొయ్యి ఆరేది కాదు.

చేను అంచున మాత్రం వలిసెలు వేసేవారు. నూనెగింజ. పూసినప్పుడు పచ్చగా, మేలిమి పసుపు ఒలకబోసినట్టుంటుంది. అంచున అంతే, చారెడు. ఆ చారెడు పసుపే కొంప ముంచింది.

కొండ కింద రాజుగారి కోట. కోటలో ఒక కిటికీ. ఆ కిటికీ దగ్గర రాజు, రాజుకి వేరే పని లేదు. ఒకనాడు పొద్దున్నే ఆయన మీసం దువ్వుకుంటూ చూస్తే కొండమీద పసుపు గీత కనిపించింది. గీతే ఇంత అందంగా ఉంటే కొండంతా అలా ఉంటే ఎలా ఉంటుంది అనుకున్నాడు. రాణిని పిలిచి చూపించాడు. రాణి, బాగానే ఉంది, అన్నం చల్లారిపోతోంది అంది. మంత్రిని పిలిచి చూపించాడు. మంత్రి, మహాప్రభో, ఆ కొండ మీ కిటికీ కోసమే పుట్టింది అన్నాడు. రాణుల మాట విని చెడిన రాజులు ఉన్నారో లేరో నాకు తెలియదుగానీ, ఈయన వినక చెడ్డాడు.

ఊ కొడుతున్నారా?

రాజుగారి కిటికీకి అందంగా కనబడేలా కొండంతా వలిసెలే వెయ్యాలి, ఇంకో మొక్క కనిపించకూడదు, బదులుగా తినడానికి కోట నుంచి తెల్లబియ్యం వస్తుంది అని కబురొచ్చింది. కొండవాళ్లు ఎదురు తిరిగారని చెప్పాలని నాకూ ఉంది. కానీ తిరగలేదు. తెల్లబియ్యం అన్నారు కదా. ఊరిపెద్ద బొంజన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడట. ఇన్నాళ్లూ మనం తిన్నది తిండే కాదర్రా అన్నాడట. ఊళ్లో మగాళ్లందరూ అన్నం తిని, చెయ్యి కడగకుండా కాసేపు వాసన చూసుకునేవారట. ఇది మా అమ్మ చెప్పిందే, నేను కలిపింది కాదు.

అప్పుడే వాళ్లు ఒక పొరపాటు చేశారు. ఆ కొండమీదివాళ్లు మాత్రమే చేయగల పొరపాటు. విత్తనాలను ఎండిన ఆనపబుర్రల్లో పోసి, పొయ్యికి పైనున్న అటకమీద పెట్టుకునేవారు. రోజూ పొగ తగులుతుంది, పురుగు దరి చేరదు. తెల్లబియ్యం బస్తాలు వచ్చేసరికి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నేలమీద పెడితే తడి, ఎలుకలు. ఇంట్లో అన్నిటికన్నా మర్యాదైన చోటు ఆ అటకే. బుర్రలు దింపి మూలకు నెట్టి, బియ్యాన్ని పొగలో పెట్టారు. అన్నం పొగ వాసన కొట్టింది. మూలనున్న బుర్రల సంగతి ఎవరూ చూడలేదు.

ఆ రోజుల్లోనే బొంజన్న చెల్లెలు చిలకమ్మ, శిఖరం అవతలి ఊరికి ఇచ్చిన పిల్ల, కుండెడు చోడి అంబలి నెత్తిన పెట్టుకుని పుట్టింటికొచ్చింది. బొంజన్న కుండలోకి తొంగి చూసి, నల్ల తిండి మానేశామమ్మీ, పందికి పొయ్యి అన్నాడు. పోసింది. పంది మాత్రం మర్యాదగా తిన్నది. చిలకమ్మ ఖాళీ కుండ నెత్తిన పెట్టుకుని శిఖరం ఎక్కిపోయింది. మళ్లీ రాలేదు.

కొన్నేళ్లు కొండ పసుపుగా ఉంది. తర్వాత రాజుకి ఏనుగుల మీద మోజు పుట్టింది. కిటికీకి తెర పడింది, బియ్యం ఆగింది. వానలు మాత్రం ఆగలేదు. బొబ్బర లేదు, గుమ్మడి లేదు, నేలను పట్టుకునే వేరు లేదు. ఎర్రమన్ను కరిగి, జారి, వాగులో పడి, రాజుగారి ఏనుగులు నీళ్లు తాగే చెరువులోకే పోయింది. నేలమీద రాళ్లు పళ్లికిలించాయి.

చైత్రం వచ్చింది. చైత్రంలో ఆ కొండల మీద ఇటుకల పండుగ, అంటే విత్తనాల పండుగ. ఇంటింటివాళ్లూ తలా గుప్పెడు విత్తనాలు తెచ్చి ఒకే బుట్టలో కలిపి, దేవతకి చూపించి పంచుకుంటారు. మగాళ్లు వేటకు పోతారు. ఆడాళ్లు దారికి అడ్డంగా వెదురుగడ పట్టుకుంటారు. వట్టి చేతులతో వచ్చినవాడి నెత్తిన పేడనీళ్లు పోసి పాట కడతారు. ఎంతటివాడైనా సరే, కోపం తెచ్చుకోకూడదు. అది ఆ రోజు ధర్మం.

విత్తనాల కోసం మూలనున్న బుర్రలు తెరిచారు. జొన్న బుర్రలో పిండి. సామ బుర్రలో పిండి. చోడి బుర్ర తడితే పురుగులు సాయంకాలం షికారుకి బయల్దేరినట్టు బయటికొచ్చాయి. పండుగ బుట్టలో వేయడానికి తిండిగింజ గుప్పెడు లేదు. కడకు బొంజన్న, సర్దుకోండి, కిందికి దిగి రాజుగారి పొలాల్లో పాలేర్లుగా ఉందాం అన్నాడు. దిగితే మళ్లీ ఎక్కరని అందరికీ తెలుసు.

ఆ ఊళ్లో దాలమ్మ అనే ఆవిడ కోడలు సుకిరి. కొత్త కోడలు. అత్తా, నేను ఒక మాట చెప్పనా అంది. దాలమ్మ, నువ్వు చెబితే ఎవరు వింటారే, నేను చెబితేనే వినరు అంది. నిజమే. కోడలి మాటకి ఆ ఊళ్లో చెవులు లేవు. సుకిరి కాసేపు ఆలోచించింది. ఆలోచించి, జుట్టు విరబోసుకుని, పెద్దలందరూ కూర్చున్న చోటికి ఊగుతూ వెళ్లింది.

"ఒరే బొంజిగా," అంది.

బొంజన్న ఉలిక్కిపడ్డాడు. ఆయన్ని అలా పిలిచింది చచ్చిపోయిన నాయనమ్మ ఒక్కతే.

"నాయనమ్మా, నువ్వేనా?"

"నేను కాక మీ తాతా? చచ్చినా నాకు కునుకు లేకుండా చేశారు కదరా. విత్తనాలు దింపి అటకమీద బియ్యం పెడతారురా ఎవరైనా?"

"తప్పైపోయింది. విత్తనాలు లేవు నాయనమ్మా. నువ్వే ఎలాగైనా..."

"నా దగ్గరెక్కడివిరా? నేను కాటికి బుర్రలు పట్టుకుపోయానా? ఈ ఊరు ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు చేతిలో ఏం పెట్టింది?"

"బుర్ర. విత్తనాల బుర్ర."

"మరి చచ్చినదాన్ని అడుగుతావేం? బతికున్నవాళ్లని అడుగు. ముందు నీ చెల్లెల్ని అడుగు. నువ్వే వెళ్లి అడుగు."

అని సుకిరి పడిపోయింది. దాలమ్మ నీళ్లు చల్లింది. నిజంగా ముసిలి పూనిందా అంటే, మా అమ్మ పూనిందనే చెప్పేది. మా పిన్ని మాత్రం, పడిపోతూ సుకిరి అత్తకు కన్ను కొట్టిందని చెప్పేది. నేను ఇద్దరినీ నమ్ముతాను.

బొంజన్న మగాళ్లను వెంటేసుకుని శిఖరం దాటాడు. వెళ్లేసరికి అక్కడ పండుగ. దారికి అడ్డంగా వెదురుగడ, గడకి ఆ కొస చిలకమ్మ.

"వేట ఏదన్నా?" అంది.

"వేటకి రాలేదమ్మీ. విత్తనాలకొచ్చాం."

"చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేకపోతే వేటగాడివే. ఇలా వంగు."

పేడనీళ్లు కుండతో పోసింది. ఏ కుండ అనుకుంటున్నారు? అంబలి తెచ్చిన కుండే. మిగతా ఆడాళ్లు పాట అందుకున్నారు. తెల్లన్నం తిన్న అన్నగారి మీద పాట. ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. బొంజన్న గడ్డం మీంచి ఆకుపచ్చగా కారుతోంది. ఆయన మొహం తుడుచుకోలేదు. అమ్మీ, ఇంకో కుండుంటే పొయ్యి, బుర్ర మాత్రం ఇవ్వు, మేం కొండ దిగిపోకుండా ఉండాలి అన్నాడు.

చిలకమ్మ నవ్వు ఆగిపోయింది. గడ కింద పెట్టింది.

ఆమె అటకమీద పొగచూరిన బుర్ర అలాగే ఉంది. ఏటేటా విత్తి, ఏటేటా నింపి పెట్టుకుంది. తన పుట్టినూరి ఆడపిల్లలు ఏయే ఊళ్లలో ఉన్నారో అక్కడికల్లా అన్నని తనే తీసుకెళ్లింది. ఒకతె దగ్గర నల్ల బొబ్బర, ఒకతె దగ్గర ఎర్ర సామ, ఇంకొకతె దగ్గర అందరూ మరిచేపోయిన గుమ్మడి. ఇచ్చేముందు ప్రతి ఒక్కతీ బొంజన్నని తిట్టింది. ఆయన తిట్లూ విత్తనాలూ రెండూ మోసుకొచ్చాడు.

విత్తగానే పండలేదు. మన్ను పోయిన నేల కదా. ఏటవాలుకు అడ్డంగా రాళ్లు పేర్చారు, కొమ్మలు పరిచారు, ఆకు కుళ్లబెట్టారు. మొదటి ఏడు దుంపలే తిన్నారు. ఆ తర్వాత మెల్లగా, జొన్న నిలబడింది. జొన్న భుజం పట్టుకుని ఏమెక్కింది గౌరీసూ? ఆఁ, బొబ్బర. బొబ్బర పక్కన? కంది. కంది నీడలో సామ, సామ చాటున చోడి, చోడి కాళ్లమీద గుమ్మడి.

ఇక రాజుకి ఏనుగులు కూడా విసుగెత్తాయి. తెర తీసి చూస్తే కొండ పసుపుగా లేదు. అతుకుల బొంతలా ఉంది. మీసం రెండో కొస కూడా కిందికి దిగింది. మందీ మార్బలంతో, రాణితో, కొండెక్కాడు. ఆ రోజు పండుగ. వెనక్కి తిరుగుదామని రాణి అంది. మళ్లీ వినలేదు. పైగా, నేనూ వేటాడతాను, ఈ కొండ ఆచారం నాకూ వర్తిస్తుంది, పులిని తెస్తాను అని అందరి ఎదుటా మాటిచ్చాడు.

పులి దొరకలేదు. దుప్పి దొరకలేదు. ఒక కుందేలు కనిపించింది. బాణం వేస్తే చెట్టుకి తగిలింది, కుందేలు కాసేపు నిలబడి చూసి మరీ వెళ్లింది.

తిరిగొచ్చేసరికి దారికి వెదురుగడ. పుట్టింటి పండుగకొచ్చిన చిలకమ్మ ఒక కొస, సుకిరి ఒక కొస. భటులు కత్తులమీద చేతులు వేశారు. ఇప్పుడు రాజుకి కోపమొస్తే చేనూ పోతుంది, ఊరూ పోతుంది. చేతిలో ఏముంది దొరా అని అడిగింది చిలకమ్మ. రాజు విల్లు చూపించాడు. అది వేట కాదు, కర్ర అంది. వంగమంది.

మాటిచ్చాడు కదా, వంగాడు. కిరీటం నిండా పేడనీళ్లు. పాట మొదలైంది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు పల్లకీలోంచి కిసుక్కుమని ఒక నవ్వు. రాణి. ఎన్నేళ్లుగానో ఆపుకున్న నవ్వు. ఆమె నవ్వితే భటులు నవ్వారు, భటులు నవ్వితే మంత్రి నవ్వు మింగలేక దగ్గాడు, ఆఖరికి రాజుకీ నవ్వొచ్చింది. నవ్వినవాడు నరకలేడు కదమ్మా.

గడ తీసి దారివ్వడానికి ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. బంగారమా, ఏనుగా? సుకిరి చిలకమ్మ చెవిలో ఏదో చెప్పింది. చిలకమ్మ, "ఆ కిటికీ మూయించు దొరా," అంది.

మూయించాడు. గోడ కట్టించేశాడు. దానికి అవతలివైపు కొండ తనకు కావలసిన రంగులో ఉండిపోయింది. రాణికి వేడి అన్నం దొరికింది. ఎవరైనా మీకు తెల్లగా, మెత్తగా ఏదన్నా ఇస్తే తినండి, తప్పులేదు. అటకమీద ఉన్నదాన్ని మాత్రం దింపకండి. అంతే నేను చెప్పగలిగేది. కథ కొండెక్కిపోయింది, మనం దుప్పట్లోకి దూరదాం.

ఏంటి నీలా? పాటా?

అవును, పాట చెప్పలేదు. మరిచిపోయాననుకున్నావా? రాజు పేరు మరిచిపోయాను, పాటలో అక్షరం మరిచిపోలేదు. కావాలనే వదిలేశాను. అందులో రాజుగారి మీసాన్ని దేనితో పోల్చారో వింటే మీ అమ్మ నన్ను ఇంట్లోంచి పంపేస్తుంది. అదొక్కటే కాదు. ఆ పాట మంచం మీద పడుకుని నేర్చుకునేది కాదు. మా అమ్మ నాకు ఇంట్లో చెప్పలేదు. చైత్రంలో కొండమీదికి తీసుకెళ్లి, గడ ఒక కొస నా చేతిలో పెట్టి, రెండో కొస తను పట్టుకుని చెప్పింది.

వచ్చే చైత్రానికి నీకు గడ ఎత్తే బలం వస్తుందో లేదో చూద్దాం. గౌరీసూ, నువ్వెందుకు నవ్వుతున్నావు? నువ్వు వేటకెళ్లే వైపు.