రెండు నిలువుల వీరుడు

ఒకానొక రాజ్యంలో, ఎక్కడని అడక్కండి, పేరు చెబితే ఇప్పటికీ ఆ దిక్కున గుర్రాలు సకిలిస్తాయి, బసివన్న అనే ముసలి బంటు ఉండేవాడు. వయసులో ఉండగా అతను తుమ్మితే శత్రువుల గుడారాలు కూలేవి. దగ్గితే కోట తలుపులు వాటంతటవే గడియ వేసుకునేవి. అతన్ని చూసి బెదిరి పారిపోయిన గుర్రం ఒకటి ఇంతవరకు తిరిగి రాలేదు. దాన్ని వెతకబోయినవాళ్ళూ రాలేదు.

అంతటి బసివన్నకు ముసలితనంలో ఒక కష్టం వచ్చిపడింది.

అతని కుడిచేతికి ఒక వీరకడియం ఉంది. గుండ్లవాగు పోరు ముగిసిన సాయంత్రం పెద్ద ప్రభువు, అంటే ఇప్పటి రాజుగారి తండ్రి, తన గుడారంలోకి పిలిచి స్వయంగా తొడిగాడు. తొడిగాడు గానీ కవిలెలో రాయించలేదు. ఏ బంటు ఎక్కడ పోరాడాడో, ఏ గౌరవం పొందాడో రాసి ఉంచే తాటాకుల కట్టను ఆ రాజ్యంలో కవిలె అనేవారు. ఎందుకు రాయించలేదో వాళ్ళిద్దరికే తెలుసు. పెద్ద ప్రభువు స్వర్గానికి వెళ్ళిపోయాడు. ఈ సంగతి చస్తే పైకి చెప్పనని బసివన్న ఆయన చేతిలో చెయ్యి వేసి ఉన్నాడు.

కొడుకు ఉద్దండరాయలు గద్దెనెక్కాడు. ఆయనకు పొగడ్త అంటే ఎంత ఇష్టమంటే, నిద్రపోయేటప్పుడు కూడా పక్కన ఒకడు నెమ్మదిగా బిరుదులు చదువుతూ ఉండాలి. ఆపితే మెలకువ వచ్చేసేది. ఆయన కొత్తగా నియమించుకున్న రాయసం, కవిలెల మీద అధికారి, సోమనామాత్యుడు. ఆయన వస్తూనే చాటింపు వేయించాడు: "కవిలెకెక్కని కడియం ఏ చేతికీ ఉండరాదు. ఆయుధపూజ నాడు సభలో కంసాలి చేత కోయించబడును."

బసివన్న రాయసం దగ్గరకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నా కడియం కవిలెలో ఎక్కించాల."

"ఏ పోరులో వచ్చిందోయ్?"

"గుండ్లవాగులో అయ్యా."

సోమనామాత్యుడు గంటం కింద పెట్టాడు. "గుండ్లవాగులో మన ప్రభువులవారు యువరాజుగా ఉండగా ఒంటరిగా పోరాడి గెలిచారు. రాతి మీద చెక్కి ఉంది. నువ్వక్కడ లేవు."

"ఉన్నానయ్యా."

"అయితే రాయి అబద్ధం చెబుతోందా?"

"రాయి కూడా అక్కడ లేదయ్యా."

రాయసంవారి ముఖం కందగడ్డలా అయింది. "సాక్షిని తెచ్చుకో. పోరు కళ్ళారా చూసినవాడై ఉండాలి. నీ గొప్పకు నువ్వే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లదు."

"చూసినాయన ఒక్కరే అయ్యా. ఆ పేరు నేను చెప్పకూడదు."

"సరే, కంసాలి పేరు నేను చెబుతాను విను. వీరాచారి. అతని ఉలి మంచి పదునైనది."

బసివన్న బయటికొచ్చి తన చేతిని చూసుకున్నాడు. చెయ్యి నరుకుతామన్నా అంత కుంగేవాడు కాదు. చెయ్యి అమ్మ ఇచ్చింది. కడియం తను సంపాదించుకున్నది.

కోటలో గంగాధరయ్య అని ఒకాయన ఉన్నాడు. రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే అడపం కొలువు ఆయనది. రాజుగారికి ఆకు ఎప్పుడు కావాలో రాజుగారి కంటే ముందు ఆయనకే తెలిసేది. ఆయన వేసిన చమత్కారానికి ఒకసారి కోట గోడ మీది సింహం బొమ్మ నవ్విందంటారు. పళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి.

"ఏం బసివన్నా, కంసాలిని పిలిపించుకున్నావటగా?" అన్నాడు గంగాధరయ్య.

"ఎగతాళి చెయ్యకు సామీ. చెప్పుకుందామంటే మాట ఇచ్చి ఉన్నాను."

గంగాధరయ్య చూపు బసివన్న ఛాతీ మీద పడింది. అటొకటి, ఇటొకటి పాత మచ్చలు. "ఇవేమిటి, ఈటె పోట్లా?"

"కావు సామీ, మడమల ఒరిపిడి."

"శత్రువు మడమలా?"

"శత్రువు నా భుజం దాకా ఎక్కితే ఊరుకుంటానా?" అనేసి బసివన్న నాలుక కరుచుకున్నాడు.

గంగాధరయ్య తాపీగా ఒక ఆకు ఈనె తీశాడు. సున్నం రాశాడు. మడిచాడు. "నువ్వేమీ చెప్పలేదు, నేనేమీ వినలేదు. ఆయుధపూజకు ఆ కడియం తళతళలాడేలా చింతపండుతో తోముకుని రా," అన్నాడు.

ఆయుధపూజ నాడు సభ కిక్కిరిసింది. కత్తులకు కుంకుమ పెట్టాక, ఆనవాయితీ ప్రకారం ఆస్థానకవి లేచి గుండ్లవాగు పోరు చదివాడు. ఆయన గొంతుకు దీపాలు వంగి లేచాయి. ఆ పోరులో రాజు ఒంటరిగా వాగులో దిగాడట. దిగగానే రెండు నిలువుల ఎత్తు పెరిగాడట. నాలుగు చేతులతో కత్తి తిప్పాడట. ఆ రూపం చూసి శత్రుసైన్యం వెనక్కి పరిగెత్తిందట. ఉద్దండరాయలు కళ్ళు మూసుకుని విన్నాడు.

తరువాత సోమనామాత్యుడు సైగ చేశాడు. వీరాచారి ఉలీ సుత్తీ పట్టుకుని వచ్చాడు. బసివన్న చెయ్యి చాచి కంసాలి దిమ్మ మీద పెట్టాడు.

"ప్రభూ, చిన్న మనవి," అన్నాడు గంగాధరయ్య పెట్టె మూత మూస్తూ. "పెద్ద చేతితో మొదలుపెట్టడం మర్యాద కదా?"

"ఎవరిదయ్యా పెద్ద చెయ్యి?" అన్నాడు రాజు.

"తమదే ప్రభూ. తమ బంగారు కడియం కూడా గుండ్లవాగుదే. కళ్ళారా చూసిన సాక్షి లేని కడియం చెల్లదని రాయసంవారి కట్టడి. తమరేమో ఒంటరిగా పోరాడారు. మరి చూసినవాడెవరు?"



"శత్రువులు చూశారు!" అన్నాడు సోమనామాత్యుడు.

"పరిగెత్తారని కవిగారే చెప్పారు కదండీ. వీపుతో చూశారా?"

"మేము చూశాం! మాకు మేమే సాక్షి!" అని గర్జించాడు ఉద్దండరాయలు.

"చిత్తం. అది చెల్లదని రాయసంవారు బసివన్నకు సెలవిచ్చారట."

సోమనామాత్యుడికి ఎటు తల ఊపాలో తెలియక గుండ్రంగా తిప్పాడు. వీరాచారి అమాయకుడు. పని పెరిగిందనుకుని, కళ్ళతోనే రాజుగారి మణికట్టు కొలుచుకుంటున్నాడు.

ఉద్దండరాయలు కోపంగా దిమ్మ వైపు చూశాడు. బసివన్న తలవంచుకుని ఉన్నాడు. ఒక్క మాట అంటే బతికిపోతాడు. అనడం లేదు. రాజు తన కడియాన్ని ఒకసారి తడుముకున్నాడు.

"ఒక సాక్షి ఉన్నాడు," అన్నాడు చివరికి. "బసివన్నా, నువ్వు చూడలేదూ?"

"పెద్ద ప్రభువుకు మాట ఇచ్చినాను దొరా."

"ఆయన తరఫున నేను విడిపిస్తున్నాను. చెప్పు."

"చూసినాను దొరా. తమరు బాగా పోరాడినారు."

"ఎంత దూరం నుంచి చూశావు?" అన్నాడు గంగాధరయ్య.

"దూరం లేదు సామీ."

"ఏ పక్కన నిలబడ్డావు?"

"పక్కన కాదు సామీ, కింద. దొరగారు కవచంతో వాగు బురదలో మొల దాకా దిగబడినారు. ఎత్తి భుజాల మీద పెట్టుకున్నాను. పైన ఆయన కత్తి తిప్పినారు, కింద నేను తిప్పినాను."

గంగాధరయ్య కవి వైపు తిరిగి నమస్కారం పెట్టాడు. "కవిగారి మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు ప్రభూ. నాలుగు చేతులూ లెక్కకొచ్చాయి. రెండు నిలువుల్లో పై నిలువు తమరు. కింది నిలువు కడియాన్నే రాయసంవారు కోయిస్తున్నారు. అది పోతే తమరు మళ్ళీ బురదలోకే కదా!"

రాజుగారి మీసం అదిరింది. కోపమేమో అనుకున్నారు సభలోవాళ్ళు.

"వీడు మహా మొండివాడయ్యా!" అన్నాడు ఉద్దండరాయలు. "నేను కుడికి పొమ్మంటే ఎడమకు పోయాడు!"

"కుడివైపు శత్రువులు లేరు దొరా," అన్నాడు బసివన్న.

అంతే, ఉద్దండరాయలు నవ్వాడు. ఆ నవ్వుకు కిరీటం జారి ఒళ్ళో పడింది, కోట మీది పావురాలన్నీ పక్క రాజ్యానికి పోయి మూడో పూటకు గానీ దిగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "రాయండి సోమనామాత్యా," అన్నాడు. "గుండ్లవాగు పోరులో ఉద్దండరాయలు బసివన్న భుజాల మీద నిలిచి గెలిచెను. ఒకరికొకరు సాక్షి. ఇద్దరి కడియాలూ చెల్లును."

గంగాధరయ్యకు తన ఒంటి మీది పట్టుశాలువా తీసి కప్పాడు. వీరాచారిని కూడా ఉత్తచేతులతో పంపలేదు.

ఆ సాయంత్రం ఊరేగింపులో బసివన్నను అంబారీలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ముసలి మోకాళ్ళు సహకరించకపోతే రాజే చెయ్యిచ్చి పైకి లాగాడు. ఆ ఇద్దరినీ మోసిన ఏనుగు మాత్రం, ఉన్నమాట చెప్పాలి, ఆ సంగతి కవిలెలో ఎక్కించమని ఇంతవరకు అడగలేదు.