గవరయ్య నున్నటి నుదురు

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. ఇంటివాళ్లు పేరంటానికి పొరుగూరు వెళ్లారు. కోళ్ల దొడ్డికి కాపలా ఉండే కుక్క గవరయ్య కునుకు తీస్తుంటే, కంచె అవతల నుంచి నక్క జోగులు పలకరించాడు.

“మావా, కోప్పడకు. నీ మంచికే వచ్చాను. మీ అమ్మగారు నీ బదులు పిల్లకుక్కని వెతుకుతున్నారట.”

గవరయ్య దిగ్గున లేచి కూర్చున్నాడు. పదకొండేళ్లుగా ఆ దొడ్డే అతని లోకం. తన పనిలో లోపమేమిటని అడిగాడు.

“పనికేం మావా, బంగారం. ఆ నుదుటి ముడతలే. చూసినవాళ్లెవరైనా ముసలాడంటారు.”

ముడతలు పోగొట్టే ఆవిడ తనకు తెలుసన్నాడు జోగులు. చూరు కింద మట్టిగూడు కట్టుకున్న కందిరీగ చిట్టెమ్మ. పురుగుల్ని చంపకుండానే కదలకుండా చేసే సూది ఆవిడది. కోత లేదు, కట్టు లేదు, పదిన్నరకి కూర్చుంటే పదకొండుకి కాపలాలో ఉండొచ్చు. ఇబ్బందులేమైనా వస్తాయా అంటే, చీమ కుట్టినంత అని నవ్వేశాడు.

పిల్లలకోడి నూకాలు వద్దంది. “తాతా, ఆవిడ కుట్టిన పురుగు మళ్లీ లేవగా నేను చూళ్లేదు.”

“నీకేం, ఏటా కొత్త ఈకలొస్తాయి,” అని కసిరాడు గవరయ్య.

పదిన్నరకి చిట్టెమ్మ వచ్చి అతని నుదుట నాలుగు పోట్లు పొడిచింది. మూతికి చెరో పక్కా రెండు పొడవమని జోగులే పక్కనుండి చెప్పాడు. పన్నెండయ్యేసరికి నుదురు లేత అరటాకులా నునుపెక్కింది. ఒంటిగంటకి ఎడమ రెప్ప వాలిపోయింది. పెదవి జారి చొంగ కారసాగింది. గుర్రుమందామంటే పెదవి లేవదు, పళ్లు కనపడవు. మొరిగితే ఉత్త గాలే వస్తోంది. కోడిపిల్లలు ముందు భయపడి, తర్వాత నవ్వారు. చిట్టెమ్మను పిలిస్తే, ఇది మామూలేననీ, మూడు నెలల్లో దానంతటదే సర్దుకుంటుందనీ గూట్లోంచే చెప్పింది.

గవరయ్య సిగ్గుతో వెళ్లి కోళ్ల గూటి గుమ్మంలో అడ్డంగా పడుకున్నాడు.

రెండింటికి జోగులు కంచె దూకాడు. “పిల్లకుక్కా లేదు, ఏమీ లేదు మావా. కాస్త జరుగు.”

నూకాలు పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

ఏడేళ్లుగా జోగులు ప్రాణం కాపాడుతున్నవి నిజానికి ఆ ముడతలే. నుదురు ముడిపడిందంటే గవరయ్య దూకబోతున్నట్టు లెక్క. జోగులు అప్పుడే పరుగందుకునేవాడు. ఇవాళ ఆ నుదురు చదునుగా ఉంది. జోగులు ఓ అడుగు వేసి చూశాడు. మొహం కదల్లేదు. ఇంకో అడుగు వేశాడు. పాపం, కోపమే రాలేదనుకున్నాడు. గవరయ్య లోపల కోపం కుతకుత ఉడుకుతోంది. మొహానికి మాత్రం ఆ కబురు అందలేదు. జోగులు అతని మీదుగా గూట్లోకి వంగాడు, కుచ్చుతోక అతని ముక్కుకి రాసుకుంటుండగా.

దవడల్లో చిట్టెమ్మ సూది దిగలేదు మరి.

సగం తోక గవరయ్య నోట్లోనే ఉండిపోయింది. “కోపమొచ్చిందని ముందే చెప్పాలి కదా మావా,” అని ఏడుస్తూ జోగులు కంచె దాటాడు.

మర్నాడు పొద్దున కోళ్ల కుటుంబమంతా గవరయ్య చుట్టూ చేరింది. పిల్లలు వంతులవారీగా అతని వాలిన పెదవిని ఎత్తిపట్టుకుంటే, నూకాలు ముందుకు జరిపిన చిప్పలోని గంజి అతను మెల్లగా తాగాడు. ఆ తర్వాత నూకాలు పిల్లలచేత సూర్యుడికి దణ్ణం పెట్టించి ఇలా చెప్పింది: “మన మొహానికి వంక పెట్టినవాడే మందు కూడా తెచ్చాడంటే, ముందు వాడికేం కావాలో చూసుకోవాలి.”