దీక్ష నాటి జుట్టు

“స్వామీ, ఇల్లు వదిలాను, వకీలు వృత్తి వదిలాను, బంధువులను వదిలాను. అయినా ఎవరైనా చిన్న మాట అంటే చాలు, ఒళ్లు మండిపోతుంది. ఇంకా ఏం వదలమంటారు?” అని ప్రశమానందుడు మార్గశిరంలో ఒక ఉదయం గురువుగారిని అడిగాడు. హిమాలయాల్లోని ఆ ఆశ్రమంలో అతడు దీక్ష తీసుకున్నది ఆషాఢ పౌర్ణమి నాడు. కాకినాడలో అతడు వదిలి వచ్చిన మేడకు ఎన్ని గదులో అప్పటికే ఆశ్రమంలో తెలియనివాళ్లు లేరు.

నిర్లేపానంద స్వామి అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. “రేపు పౌర్ణమి. మూటలు మార్చండి” అన్నారు, అంతే.

ఆ మూటల సంగతి చెప్పాలి. ఆశ్రమం వెనక వాలులో శిష్యులు దేవదారు మొక్కలు పెంచుతున్నారు. చలికాలంలో గడ్డి మంచు కింద పడిపోతే జింకలకు పచ్చగా కనిపించేవి ఆ మొక్కలే. అందుకని ప్రతి పౌర్ణమికీ అందరూ తలలు గొరిగించుకుని, ఆ జుట్టును పలచని గుడ్డల్లో మూటగట్టి, జింక మూతికి అందే ఎత్తున కొమ్మలకు వేలాడదీస్తారు. మనిషి వాసన తగిలితే జింక దగ్గరికి రాదు. పాతవి తీసి కొత్తవి కట్టడం అక్కడ స్నానం, జపం లాగే ఒక నియమం.

మర్నాడు ప్రశమానందుడు అన్ని మూటలూ మార్చాడు. వంటశాల పక్కన తాను నాటుకున్న మొక్కకు ఉన్నదాన్ని మాత్రం ఎప్పటిలాగే ఈసారీ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తొలిసారి గొరిగించుకున్న ఒత్తైన నల్లటి జుట్టు అందులో ఉంది. “అది నా దీక్ష నాటి జుట్టయ్యా! దాన్ని తీసేసి ఈ పిసరంత వెంట్రుకలు కట్టమంటారా?” అని తోటివాళ్ల మీద విరుచుకుపడ్డాడు. గురువుగారు విన్నారు, విని లోపలికి వెళ్లిపోయారు.

ఆ వారంలోనే మంచు దట్టంగా కురిసింది. తెల్లవారి చూస్తే వాలులో మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. వంటశాల పక్క మొక్క ఒక్కటే పుల్లలు తేలి ఉంది. చుట్టూ మంచులో గిట్టల గుర్తులు. మూట మాత్రం కట్టింది కట్టినట్టే వేలాడుతోంది. ఆకంతా పోయిన దేవదారు కొమ్మ మళ్లీ చిగురించడం అరుదు. వానలు ఆగినప్పటి నుంచీ దూరం నుంచి నీళ్లు మోసి పెంచుకున్న మొక్క అది. నలభై దాటిన మనిషి దాని ముందు కూలబడి ఏడ్చాడు. మాటలు పడ్డవాళ్లకు కూడా అతణ్ణి ఎత్తిపొడవాలనిపించలేదు.

గురువుగారు వచ్చి, మూట విప్పి అతని చేతిలో పెట్టారు.

“వాసన చూడు నాయనా.”

అతడు ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు.

“ఏ వాసనా రావడం లేదు స్వామీ.”

“జింకకూ రాలేదు” అన్నారు గురువుగారు.