చిగురు పాలిపోయిన వంగమొక్క

అడిగిన ప్రశ్నకు అడిగిన రోజే బదులు చెప్పే అలవాటు బసవలింగం అయ్యవారికి లేదు. అట్లని మరచిపోయేవారూ కాదు. నాలుగు రోజులకో, ఒక్కోసారి నాలుగు నెలలకో, ఏదో పని మీద శిష్యుణ్ణి వెంటబెట్టుకొని ఎక్కడికో పోయేవారు. బదులు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఈ పద్ధతి మఠంలో కొందరికి నచ్చేది కాదు. బొత్తిగా నచ్చనివాడు శరభయ్య.

శరభయ్యకు ముప్ఫై ఏళ్లుంటాయి. పత్తి మిల్లులో పని మానుకొని మఠంలో చేరి అప్పటికి మూడేళ్లు. కూర్చున్నా అతని కాలు ఊగుతూనే ఉండేది. నెలకో కొత్త నియమం పట్టేవాడు. ఒక నెల ఒంటిపూట భోజనం, ఇంకో నెల ఉప్పు మానడం, ఆ తర్వాత సోమవారం మౌనం. పట్టినది వదిలేవాడు కాదు. పాతదాని మీద కొత్తది ఎక్కేది. ఒకనాడు అయ్యవారు కరక్కాయలు దంచుతుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అయ్యవారూ, ఇన్ని చేస్తున్నా లోపల కుదురు లేదు. నాలో ఏది తక్కువైందో చెప్పండి. అది కూడా చేస్తాను."

అయ్యవారు "ఊఁ" అన్నారు. రోకలి ఆపలేదు.

మూడో రోజు పొద్దున కొత్త తంగెడుపాడు నుంచి ఓబుళమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. పాత తంగెడుపాడు ఏటి ఒడ్డున ఉండేది. ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఊరి జనానికి రెండు కోసుల దూరంలో, తెల్లటి సుద్దనేల మీద, ఇళ్లు కట్టి ఇచ్చారు. ఓబుళమ్మ కొంగుముడి విప్పి ఒక ఆకు తీసి అయ్యవారి ముందు పెట్టింది.

"చూడు సామీ. ఇది మా ఊరి వంకాయ చెట్టుది. చారల వంకాయ. ఇంకే ఊర్లోనూ లేదు. ఊరొదిలేటప్పుడు అందరూ తలుపులు, దూలాలు ఊడబీక్కోని వచ్చినారు గానీ ఇత్తనం తెచ్చుకోవల్లని ఎవురికీ తోచల్యా. నా కొంగులో ఏడు గింజలుండె. మూడు మొలిచె, రెండు సచ్చిపాయ. ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే మా ఊరు రెండోసారి మునిగినట్టే."

ఆకు పచ్చదనం పోయి లేత పసుపుగా ఉంది. ఈనెలు మాత్రం గీత గీసినట్టు ఆకుపచ్చగా నిలిచాయి. అయ్యవారు దాన్ని వెలుతురుకెత్తి చూశారు.

"ఇది చిగురాకా, కిందాకా?"

"ఏదో ఒకటి తుంచుకొస్తి. ఆకు ఆకే గదా సామీ."

"కాదమ్మా. చెట్టుకు తిండి తక్కువైతే ముదురాకుల్లోది లాగి చిగురుకు పెట్టుకుంటుంది. కిందాకు పాలిపోతుంది, చిగురు బాగుంటుంది. అది ఆకలి. కిందాకులు బాగుండి చిగురే పాలిపోతే అది ఆకలి కాదు, వేరే సంగతి."

ఓబుళమ్మ కాసేపు ఆలోచించింది. "చిగురే సామీ. కిందాకులు నల్లగా, బలంగా ఉండాయి."

అయ్యవారు శరభయ్య వైపు తిరిగి, "రేపు తెల్లవారేసరికి అక్కడ ఉండాలి, పద" అన్నారు.

మరునాడు వాళ్లు చేరేసరికి ఓబుళమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉంది. మొక్క వాకిట్లో ఉంది, మోకాలెత్తున, రెండు కొమ్మలుగా చీలి. చుట్టూ ముళ్లకంప. రెండు కొమ్మల కొసలూ సున్నం కొట్టినట్టు వెలవెలబోతున్నాయి. అయ్యవారు మంచం వాల్చుకొని కూర్చున్నారు. శరభయ్యకు కూర్చోవడం కుదరలేదు. మొక్క చుట్టూ తిరిగాడు, కంప సరిచేశాడు, మట్టి వేలితో కెలికాడు.

"దీనికి ఏమేం పెట్టినావమ్మా?" అన్నారు అయ్యవారు.

"ఏం పెట్టలేదని అడుగు సామీ! పెంట ఎరువు ఏస్తి, చెనక్కాయ చెక్క నానబెట్టి పోస్తి, చేపలు కడిగిన నీళ్లు పోస్తి. ఈ మద్దిలేటి యూరియా ఏయమంటే అదీ చిటికెడు ఏస్తి."

పక్కింటి మద్దిలేటి అప్పటికే గోడ మీదికి మోచేతులు ఆనించి ఉన్నాడు. "అవ్వా, ఆ చెట్టుకు పెట్టే తిండి నాకు పెట్టింటే నేనే నాలుగు కాయలు కాస్తుంటి."

"నువ్వు కాసేదేముందిరా, మాటలు తప్ప. ఎల్లెల్లు, నీ ఎనుము అరుస్తాంది."

మాట్లాడుతూనే ఓబుళమ్మ పొయ్యిలోని చల్లటి బూడిద పిడికెడు తీసుకొని వచ్చింది. మొక్క మొదట్లో చల్లింది, రెండు ఆకుల మీద దులిపింది, చెయ్యి కొంగుకు తుడుచుకొని మళ్లీ పొయ్యి దగ్గరకు పోయింది.

"అదేంది?" అన్నారు అయ్యవారు.

"ఏది సామీ?"

"ఇప్పుడు వేసినావే, అది."

ఓబుళమ్మ తన చేతులు చూసుకుంది. "నేనేం ఏయలేదే!"

మద్దిలేటి గోడ మీద పగలబడి నవ్వాడు. "బూడిద, అవ్వా! పిడికెడు ఏస్తివి గదా ఇప్పుడే!"

"బూడిదా?" ఆమెకు కోపం వచ్చింది. "బూడిద ఏసేదేముంది? పొద్దున లేస్తే మొగం కడుక్కోమా? మా యమ్మ ఏసె, మా యవ్వ ఏసె. వంగచెట్టుకు పొద్దున్నే బూడిద ఏయకుంటే పురుగు పడ్తాది."

"ఏటి ఒడ్డున, ఏరు తెచ్చిన వండలి మట్టిలో వేసినారు మీ అమ్మ, అవ్వ," అన్నారు అయ్యవారు. "అక్కడ మేలే చేసింది. ఇది సుద్దనేల. నేలలోనే సున్నముంది. దాని మీద నువ్వు రోజూ బూడిద కలుపుతున్నావు. బూడిదా సున్నం తోబుట్టువే. చిగురుకు కావలసిన ఇనుము ఈ మట్టిలో ఉంది. వేరు పక్కనే ఉంది. అయినా ఆ సున్నంలో బిగుసుకుపోయింది, వేరుకు అందదు. నువ్వు పైనుంచి ఎంత పెడితే ఏమి?"

ఓబుళమ్మ మొక్క దగ్గర చతికిలబడి మొదట్లో తెల్లగా పేరుకున్న పొరను గోటితో గీకింది. "అంటే మునిగింది నీళ్లలో కాదు, నా చేత్తోనే మునుగుతాంది" అంది చివరకు.

అయ్యవారు సంచిలోంచి అన్నభేది, ఇనుము ఉన్న మందు ఉప్పు, తీశారు. లేత ఆకుపచ్చ పలుకులు. మఠంలో పాండురోగానికి వాడే సరుకే. లోటా నీళ్లలో కొద్దిగా కరిగించి, నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండి, గుడ్డ ముంచి తూర్పు కొమ్మ ఆకులన్నీ తడిపారు. పడమటి కొమ్మను ముట్టుకోలేదు.

"ఆ కొమ్మ ఏం పాపం చేసింది సామీ?"

"అది సాక్షి. బూడిద మానడం మొక్కంతటికీ. మందు ఒక్క కొమ్మకే. తూర్పు చిగురు పచ్చబడి పడమటిది పడకుంటే రోగం తెలిసినట్టు. ఎనిమిది రోజులు ఏమీ చెయ్యొద్దు. నీళ్లు కూడా మట్టి ఎండితేనే." శరభయ్య వైపు చూశారు. "నువ్విక్కడే ఉండు. ఏమీ చెయ్యకుండా చూస్తూ ఉండు."

శరభయ్య మఠంలో ఎన్నో కఠిన నియమాలు పట్టాడు గాని, ఇంత కఠినమైనది ఎప్పుడూ పట్టలేదు. మద్దిలేటి అరుగు మీద మకాం పెట్టాడు. పూటకు పదిసార్లు కంప దగ్గరకు పోయి వంగి చూసేవాడు. ఓబుళమ్మ పరిస్థితీ అంతే. తెల్లవారగానే పొయ్యి దగ్గర నుంచి పిడికిలి మూసుకొని వాకిట్లోకి వచ్చేది; సగం దూరంలో గుర్తొచ్చి ఆగేది. పిడికెడు బూడిదతో ఎటు పోవాలో తెలియక అట్లే నిలబడేది. "ఈ చేతిని ఏం జేసుకోవల్ల నాయనా" అని శరభయ్యను అడిగేది.  అతని రెండు చేతులకూ అదే బాధ.

నాలుగో రోజుకు తూర్పు కొసన ఒక చిగురు, పసుపో పచ్చో తేల్చలేనట్టు, విచ్చుకుంది. పడమటి కొమ్మ ఇంకా పాలిపోయింది. ఒక ఆకు అంచు ఎండి ముడుచుకుంది. ఓబుళమ్మ దాన్ని చూసి ఆ పూట అన్నం తినలేదు. "పోతాది నాయనా. ఇదీ పోతాది" అంటూ నీళ్లకని బిందె తీసుకొని కొళాయికి పోయింది.

వాకిట్లో ఎవరూ లేరు. మద్దిలేటి దూడల కొట్టంలో యూరియా బస్తా మూతి విప్పి ఉంది. శరభయ్య ఒక పిడికెడు తీసుకొని పడమటి కొమ్మ వైపు మట్టిలో కలిపి, చేతులు దులుపుకున్నాడు. మూడు రోజులుగా లేని హాయి ఆ క్షణంలో అతనికి కలిగింది.

మరునాటికి ఆకులన్నీ వేలాడాయి. అంచులు కాలినట్టు మాడాయి. ఓబుళమ్మ ఏడవలేదు. మొక్క ముందు కూర్చొని, "నేను బూడిద ఏయలేదు. ఒట్టు. ఒక్కరోజూ ఏయలేదు" అని ఎదురుగా ఎవరో నిలదీసినట్టు చెప్పుకుంటూ పోయింది. ఆ మాటకు శరభయ్య తట్టుకోలేకపోయాడు.

"అవ్వా, నేను వేసినా. యూరియా."

ఓబుళమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తిట్టడానికి నోరు తెరిచింది. తెరిచి, "నీకూ చెయ్యి ఆగల్యాదా" అంది.

శరభయ్య మఠానికి పరుగెత్తి అయ్యవారిని తీసుకొచ్చాడు. ఆయన మొక్క మొదలు చుట్టూ మట్టి కాస్త తీయించి, "వేసింది కడుగుకొని పోయేదాకా నీళ్లు పొయ్యి" అన్నారు. కొళాయి అర మైలు దూరం. శరభయ్య సాయంత్రం దాకా మోశాడు.

"ఏమప్పా శరభయ్యా, మఠంలో ఉప్పు మానినావంట. అందుకేనా ఆ ఉప్పంతా చెట్టుకు తినిపించింది?" అన్నాడు మద్దిలేటి. అని, తన కావడి తెచ్చి తనూ రెండు తడవలు మోశాడు.

పడమటి కొమ్మ మూడు రోజుల్లో ఎండిపోయింది. తూర్పు కొమ్మ ఆకులు చాలా రాలాయి గాని కొస నిలిచింది. ఎనిమిదో రోజు దాని మీద విచ్చుకున్న చిగురు ఈనెలేవో ఆకేదో తెలియనంత పచ్చగా ఉంది. ఓబుళమ్మ దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

శరభయ్య ఎండిన కొమ్మ పట్టుకొని, "ఇది కూడా బతికేదా అయ్యవారూ?" అని అడిగాడు.

"ఎవరు చెప్పగలరు? రోగంతో పోయిందో, నీ మందుతో పోయిందో. సాక్షిని నువ్వే తీసేస్తివి."

పూత వచ్చింది, రాలింది, మళ్లీ వచ్చింది. ఒక్క కాయ నిలిచింది. ఓబుళమ్మ దాన్ని కోయకుండా పండి పసుపెక్కేదాకా చెట్టు మీదే ఉంచింది. కాయ కోసే రోజు కబురు పెడితే అయ్యవారు, శరభయ్య పోయారు. పాత తంగెడుపాడు వాళ్లు పది పదిహేను మంది వాకిట్లో చేరి ఉన్నారు. ఆమె కాయను చీల్చి నీళ్లలో పిసికింది. తేలినవి తీసేసి, అడుగున దిగినవి చేటలో ఆరబోసింది. మద్దిలేటి అరచెయ్యి చాచి నిలబడ్డాడు. ఆ రోజు అతను ఒక్క వెటకారం ఆడలేదు. గింజలు పంచుతూ ఓబుళమ్మ ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పింది: "బూడిద ఏయొద్దు. ఈ నేల వేరే." తన వాటా గింజలు మాత్రం బూడిద చేతులు తుడుచుకునే కొంగులో కాకుండా వేరే గుడ్డలో కట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ మెత్తబడింది. సుద్దదారి దాటి ఎర్రనేలలో అడుగు పెట్టాక శరభయ్య గబగబా ముందుకు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి, అయ్యవారికి అడ్డంగా నిలబడ్డాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"నాకు అర్థమైంది అయ్యవారూ. నాలో తక్కువైంది ఏమీ లేదు. చేసేవే అడ్డం పడుతున్నాయి. ఒంటిపూట, మౌనం, ఉప్పు మానడం, చన్నీళ్ల స్నానం, అన్నీ రేపటి నుంచి మానేస్తాను. అన్నీ!"

అయ్యవారు నడక ఆపకుండా అతన్ని పక్కకు జరిపారు.

"అన్నీ ఒక్కసారేనా? మరి అడ్డం పడినది ఏదో తెలిసేదెట్లా?"