పక్క అడవి ముడులు

వాగు ఒడ్డున మద్దిచెట్ల కింద ఒక బడి ఉండేది. అక్కడ చదువంతా ముడుల లెక్క. ఒక పాఠం వచ్చిందంటే మెడలోని తీగకు ఒక ముడి వేస్తారు. ఏడాదికి నాలుగు పడతాయి. పన్నెండు పడితే చదువు పూర్తి, దండ వేసి కొండమీది పచ్చికకు పంపేస్తారు. అంతవరకూ మధ్యాహ్నం భోజనం బడిలోనే. పోలమ్మ అనే ఎలుగుబంటి వండేది. పై తరగతి వాళ్లకైతే సంకటి మీద తేనె కూడా పోసేది.

పెద్ద పంతులు వీరన్న ఎద్దు. నిదానస్తుడు, న్యాయం తప్పనివాడు, కానీ చూపు సరిగా ఆనదు. అందుకని బడి రూల్సన్నీ గుమ్మం దగ్గరి బండ మీద గీయించి, రోజూ పొద్దున్నే ఒకటో తరగతి వాళ్ల చేత గట్టిగా చదివించేవాడు. బండ మీద ఉన్నది అందరికీ ఒకటేనని ఆయన పట్టుదల. గీసే పని మాత్రం గుమాస్తా పుల్లయ్యది. కొత్తగా వచ్చినవాళ్లు ఏ తరగతిలో కూర్చోవాలో తేల్చేదీ ఆయనే. గుమాస్తాలందరూ నక్కలని నేననను. ఈయన మాత్రం పుట్టుకతోనే నక్క.

ఆ ఏడు చంద్రి అనే మేక వచ్చింది. పక్క అడవిలో వాగు ఎండిపోయి దాని బడి మూతపడింది. మెడలో ఎనిమిది ముడులున్నాయి. ఇంకో నాలుగు పడితే చాలు, కొండమీద ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోవచ్చు. "నీకోసం నా పక్కన చోటు ఉంచాను" అని అక్క కాకితో కబురు కూడా పంపింది.

పుల్లయ్య ఆ తీగను గోటితో ఎత్తి చూసి పెదవి విరిచాడు.

"ఇవి మా ముడులు కావే!"

"పాఠాలు అవేనండీ. నిటారు బండ ఎక్కడం, విషపాకు గుర్తుపట్టడం. కావాలంటే ఇప్పుడే ఎక్కి చూపిస్తాను."

"చూపిస్తే చూడ్డానికి నాకు తీరికెక్కడిదమ్మా? బండ మీద ఏముందో చూశావా? 'బయట వేసిన ముడులు ఇక్కడ చెల్లవు.' వెళ్లి ఒకటో తరగతిలో కూర్చో."

"మూడేళ్లు పడుతుందండీ!"

"పడనీ. చదువు ఎక్కడికి పారిపోతుంది?"

అసలు సంగతేమిటంటే, పై తరగతిలో ఒక్క చోటే ఖాళీగా ఉంది. దాన్ని పుల్లయ్య తన బావమరిది కోసం అట్టిపెట్టాడు.

చంద్రికి ఏడుపొచ్చింది. అయినా వెళ్లి కుందేలు కూనల మధ్య కూర్చుంది. గడ్డికీ ముళ్లకంపకీ తేడా ఏమిటని అడిగితే వాటితోపాటే తలూపింది. అందరికంటే పొడుగు కాబట్టి బండ చదివే పని దానికే పడింది. "బయట వేసిన ముడులు ఇక్కడ చెల్లవు" అని తన గొంతుతో తనే రోజూ చదువుకోవడం ఎంత కష్టమో దానికే తెలియాలి.

పది రోజులకు బావమరిది దిగాడు. పేరు సింహాద్రి. పని దొంగ, తిండికి మాత్రం ముందుంటాడు. పుల్లయ్య అతని మెడలో తీగ వేసి, "పదకొండు ముడులు వేసుకో. ఒక్కటి కూడా ఎక్కువ వెయ్యకు" అని చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. పన్నెండో పాఠం ఎప్పటికీ రాకపోతే బతికినంతకాలం తేనె సంకటి తినొచ్చని ఆయన ఎత్తు.

సింహాద్రి వాగు దగ్గర కూర్చుని ముడులు వేసుకుంటుంటే చంద్రి నీళ్లు తాగడానికి వచ్చింది.

"ఏ బడిలో చదివావయ్యా?"

"పక్క అడవిలో. చూడు, పదకొండు!"

తను రెండేళ్లు చదివిన బడిలో ఈ ముఖాన్ని చంద్రి ఒక్కనాడూ చూడలేదు. విషయం అర్థమైపోయింది. కోపం వచ్చింది గానీ బయటపడలేదు.

"పాపం! బయటి ముడులు చెల్లవని బండ మీద ఉందే. రోజూ చదివేది నేనే. నీ గురించి కూడా చదవాల్సొస్తుందేమో."

సింహాద్రి ముఖం వాడిపోయింది. "బావకు చెప్పి మార్పిస్తాలే!"

"మార్పించు. అయినా పదకొండేమిటి? పన్నెండుంటేగానీ ఈ బడిలో ఎవరికీ దండ వెయ్యరు."

"దండ కూడా వేస్తారా!" అన్నాడు సింహాద్రి.

మర్నాడు పొద్దున బండ మీద పాత గీతలు లేవు. కొత్తవి ఉన్నాయి. వీరన్న పంతులు చెవులు రిక్కించాడు. చంద్రి గొంతు సవరించుకుని చదివింది.

"పక్క అడవి బడిలో వేసిన ముడులన్నీ ఇక్కడ పూర్తిగా చెల్లును."

"మంచి రూలు. ఇన్నాళ్లూ లేకపోవడమే తప్పు" అన్నాడు వీరన్న.

"అయితే అయ్యవారూ, నావి ఎనిమిదున్నాయి."

పుల్లయ్య ఉలిక్కిపడ్డాడు. "అబ్బే, అది నీ గురించి కాదమ్మా..."

"ఎవరి గురించో బండ మీద ఉందా?" అని అడిగాడు వీరన్న.

"ఎవరి పేరూ లేదండీ" అంది చంద్రి.

"అయితే అందరిదీ. వెళ్లి పై తరగతిలో కూర్చోమ్మా."

"ఆ చోటు మా వాడికండీ! అదే, సింహాద్రికి!" అన్నాడు పుల్లయ్య కంగారుగా.

సింహాద్రి ఛాతీ విరుచుకుని వచ్చి నిలబడ్డాడు. వీరన్న ముట్టెతో తీగను తడుముతూ లెక్కపెట్టాడు. పది, పదకొండు, పన్నెండు.

"భేష్! నీ చదువు పూర్తయింది నాయనా. పోలమ్మా, దండ పట్రా!"

పుల్లయ్య బావమరిది చెవిలో పళ్లు నూరాడు. "పదకొండన్నాను కదరా!"

"పన్నెండైతే దండ వేస్తారంట బావా!"

ముడులు దొంగవని చెబితే రూలెందుకు మారిందో చెప్పాలి. పుల్లయ్య అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. సింహాద్రి తంగేడు దండ వేసుకుని నేరుగా వంటచెట్టు కిందికి వెళ్లి గిన్నె చాపాడు. పోలమ్మ ఆ గిన్నె లాగేసుకుంది.

"చదువైపోయిన వాళ్లకు ఇక్కడ భోజనం లేదు నాయనా. కొండమీద బోలెడు పచ్చిక ఉంది, పో."

"పచ్చికా! నేను నక్కని పోలమ్మా!"

"అది పన్నెండు పాఠాలు చదివేటప్పుడు తెలియలేదా?"

ఆ మధ్యాహ్నం చంద్రి పై తరగతిలో కూర్చుని తేనె సంకటి తింది. అంత రుచైన తిండి ఎప్పుడూ తినలేదని కాకితో అక్కకు కబురు పంపింది. ఏడాది తిరిగేసరికి మిగతా నాలుగు ముడులూ కష్టపడి వేయించుకుని, దండ వేసుకుని కొండెక్కింది. అక్క పక్కన చోటు అలాగే ఉంది.

సింహాద్రి ఈ రోజుకీ బావ ఇంట్లోనే భోంచేస్తున్నాడు, రెండు పూటలా.

నీతి: మనవాడొక్కడి కోసం రూలు రాసినా, దాన్ని చదివేది అందరూ.