గుల్లంటని తల్లి

సన్నమొగ గ్రామంలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, ఇసుక దిబ్బ మీద కొలువైన తల్లిని గుల్లంటనమ్మ అంటారు. విగ్రహం టేకు కర్రది. నిలువెల్లా నల్లగా నిగనిగలాడుతుంది. పాదాలు మాత్రం సముద్రపు గుల్లలు అతుక్కుని గరుకుగా ఉంటాయి. వాటిని అమ్మ అందెలంటాం. భక్తులు దయచేసి గిల్లి చూడవద్దు.

పూర్వం ఇక్కడ పడవ అడుగుకు గుల్లలు పట్టడమే పెద్ద పీడ. నాలుగు నెలలకే పడవ బరువెక్కి తెడ్డుకు లొంగేది కాదు. ఆ రోజుల్లో కొర్లయ్య అనే జాలరి భార్య పెంటమ్మకు అమ్మకు ఆముదం పూసే వంతు వచ్చింది. ఇంటి వాసాలకు చెద పట్టకుండా కొర్లయ్య దాచుకున్న జీడిపిక్కల తొక్కల నూనె కుండ ఆముదం పక్కనే ఉంది. పెంటమ్మ అసలే హడావిడి మనిషి, ఆ కుండే ఎత్తుకెళ్లింది. పసుపు చెరుగుతుందని పాదాలు వదిలి ఒళ్లంతా పూసేసింది. అమ్మ నల్లబడింది, పెంటమ్మ చేతులు బొబ్బలెక్కాయి.

ఊరు భగ్గుమంది. అమ్మకు నలభై రోజులు ఉప్పుటేటిలో జలాధివాసం చేయించాలనీ, అప్పటికీ నలుపు వదలకపోతే కొర్లయ్య పడవ ఇక సముద్రంలో దిగకూడదనీ కులపెద్ద దానయ్య తీర్పు చెప్పాడు. ముగ్గురు పిల్లల కూడు ఆ పడవ మీదే ఉంది మరి. పెంటమ్మ నలభై రోజులూ గట్టున కూర్చుని ఏడ్చింది.

గడువు తీరాక అమ్మను పైకి తీశారు. కట్టిన గుంజకు గుల్లలు, తాడుకు గుల్లలు, నూనె తగలని పాదాలకూ గుల్లలే. మిగతా ఒంటి మీద ఒక్కటంటే ఒక్కటి లేదు, పాచి కూడా పట్టలేదు. నలుపు మాత్రం అలాగే ఉంది. దానయ్య విగ్రహాన్ని తడిమి తడిమి చూశాడు.

"ఏటి పూసినావే కోడలా?"

"ఆవదమనుకున్నాను మావా. జీడిపిక్కల నూనది."

"కుండలో ఇంకేటైనా మిగిలిందేటి?"

మిగిలిన నూనె ఆ సాయంత్రమే కొర్లయ్య పడవ అడుగుకు పూశారు. దానయ్యే స్వయంగా దాన్ని నీళ్లలోకి తోశాడు. ఆ ఏడు అన్ని పడవల కన్నా అదే ముందు వెళ్లి ముందు తిరిగొచ్చేది.

నేటికీ వైశాఖంలో, పడవలు ఒడ్డెక్కినప్పుడు, తొలి పూత అమ్మకు, మిగిలింది పడవలకు. ఆ తొలి పూత పూసే భాగ్యం ఆ ఏడాది ఊళ్లో ఎక్కువ తిట్లు తిన్నవారిది. అమ్మకు పూసినవారు మళ్లీ మాట పడరని పెద్దల నమ్మకం. నిరుడు ఇదే కరపత్రంలో ఉత్సవం తేదీ తప్పు వేయించి ఆ భాగ్యం నేను పొందాను. ముందుగా చేతులకు కొబ్బరినూనె రాసుకోమన్నా వినక బొబ్బలు తెచ్చుకున్నందుకు, ఈ ఏడు కూడా నా పేరే అనుకుంటున్నారు.